ఎముకలు తర్వాత తెద్దాం, ముందు చిరునామా తెండి

మంచిర్యాల, ఆసిఫాబాద్ వైపు భూముల్లో దొరికిన ఇరవై కోట్ల ఏళ్లనాటి ఎముకలు కలకత్తాలో ఎందుకుండాలి, వెంటనే తెచ్చి మన దగ్గర పెట్టాలి అని ఒక పోస్టు వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. ప్రతిసారీ దానికి ఒక డైనోసార్ బొమ్మ తగిలిస్తారు, అది కూడా అమెరికా డైనోసార్ బొమ్మ. మా బావ ఈమధ్య మళ్లీ దాన్ని నాకు పంపి, "నువ్వు బ్లాగు రాస్తవు గద, దీని మీద రాయరాదు" అన్నాడు. సరే, రాస్తున్నా. కాకపోతే బావకి నచ్చేలా రాయడం లేదు.

ఎముక తెచ్చుకోవడం పెద్ద పని కాదు. అనుమతి కాగితాలు, ఒక లారీ, నాలుగు అద్దాల పెట్టెలు ఉంటే అయిపోతుంది. ఆ ఎముక ఏ ఊరి పొలిమేరలో, ఏ వాగు గట్టున, ఎన్నో మట్టి పొరలోంచి వచ్చిందో తెలియకపోతే మాత్రం, ఆసిఫాబాద్‌లో పెట్టినా అమీర్‌పేటలో పెట్టినా ఒకటే. చూడ్డానికి బాగుంటుంది, ఫొటో దిగొచ్చు, అంతకు మించి అది మనకి చెప్పేది చాలా తక్కువ. అందుకే "మన ఎముకలు మనకివ్వండి" అనే లొల్లి కంటే ముందు "వాటి చిరునామాలు ఇవ్వండి" అనే లొల్లి చెయ్యాలని నా పట్టు. పాత సేకరణల విషయంలో అయితే ఆ చిరునామా ఎవరి దగ్గరా సిద్ధంగా ఉండదు, వెతికి పట్టుకోవాలి.

మన మాలేరి కథే చూడండి.

పాత ఆదిలాబాద్ జిల్లాలో మాలేరి అని ఒక చిన్న ఊరు. ప్రపంచంలో ట్రయాసిక్ కాలం మీద పనిచేసే ప్రతి శాస్త్రవేత్తకీ ఈ ఊరి పేరు తెలుసు, పక్క జిల్లా వాళ్లకి తెలియదు. ట్రయాసిక్ అంటే సుమారు 25 కోట్ల ఏళ్ల కిందట మొదలై 20 కోట్ల ఏళ్ల కిందట ముగిసిన కాలం. మొదటి డైనోసార్లు పుట్టింది అందులోనే, మన పాలిచ్చే జంతువుల పూర్వీకులు రూపు దిద్దుకుంటున్నదీ అప్పుడే. ఆ కాలపు ఎర్రటి బంకమట్టి గట్టిపడి రాయై, ప్రాణహిత గోదావరి లోయ పొడవునా అక్కడక్కడా బయటపడి ఉంటుంది. వానకి కరిగి, ఎండకి పగిలి, గట్లు గట్లుగా విడిపోయే ఆ మట్టిలో దంతాలూ, వెన్నుపూసలూ, పొలుసులూ, రాయిగా మారిన పేడ ఉండలూ పైకి తేలుతుంటాయి. ఆ పేడ ఉండలు ఎంత ఎక్కువంటే వాటి మీదే మాట్లీ అనే ఆయన 1939లో విడిగా ఒక పేపరు రాశాడు. (ఇంత గొప్ప ఉద్యోగం నాకెందుకు రాలేదని అప్పుడప్పుడూ అనుకుంటాను.)

ఈ మట్టిలోని దంతాలు మొదట శాస్త్ర ప్రపంచానికి చేరింది స్టీఫెన్ హిస్లాప్ ద్వారా. ఆయన స్కాట్లాండ్ ఫ్రీ చర్చి మిషనరీ, 1840ల్లో నాగపూర్ వచ్చాడు, బడి పెట్టాడు, నాగపూర్‌లో ఇప్పటికీ హిస్లాప్ కాలేజీ ఉంది. మత ప్రచారం ఒకపక్క, రాళ్లు ఏరుకోవడం ఒకపక్క. తోటి మిషనరీ రాబర్ట్ హంటర్‌తో కలిసి నాగపూర్ చుట్టుపక్కల భూగర్భం మీద 1855లో లండన్ జర్నల్‌లో రాశాడు. గోండుల లింగో పాటని కాగితం మీద పెట్టించిందీ ఈయనే, ఆయన పోయాక 1866లో రిచర్డ్ టెంపుల్ ఆ కాగితాలన్నీ అచ్చు వేయించాడు.

మాలేరి నుంచి వచ్చిన ఊపిరితిత్తుల చేప దంతాల మీద, అంటే సెరాటోడస్ దంతాల మీద, 1859లో రాసింది జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తొలి అధిపతి థామస్ ఓల్డ్‌హామ్. ఆ వ్యాసం శీర్షికలో ఊరి చిరునామా ఎలా ఇచ్చారో చూస్తే నాకు నవ్వూ కోపం రెండూ వస్తాయి: "మాలేడి, నాగపూర్‌కి దక్షిణాన". నాగపూర్‌కి దక్షిణాన అంటే రెండు వందల కిలోమీటర్ల పైమాటే దక్షిణాన! అప్పటికది నిజాం రాజ్యం, నాగపూర్‌ది వేరే పాలన. ఉత్తరం మీద పేరు రాసి కింద "హైదరాబాద్" అని మాత్రమే రాస్తే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు? లండన్‌లో చదివేవాడికి అది చాలు, వాడికి కావలసింది ఇండియా పటం మీద ఒక చుక్క. ఆ చుక్క దగ్గరికి మళ్లీ వెళ్లి రెండో దంతం ఏరాలనుకున్న వాడికి అదే చిరునామా ఎందుకూ పనికిరాదు. పైగా ఊరి పేరు కూడా స్థిరంగా లేదు, ఓల్డ్‌హామ్, ఇంగ్లండ్ జీవశాస్త్రవేత్త హక్స్‌లీ మాలేడి అన్నారు, తర్వాత ఈ ఎముకల్ని వర్ణించిన లైడెక్కర్ మాలేరి అన్నాడు, చివరికి నిలిచింది మాలేరి.

ఇంత డొల్ల చిరునామాతో కూడా మాలేరి ఎముకలు ఒక పెద్ద తగాదాలో సాక్ష్యం చెప్పాయి.

స్కాట్లాండ్‌లో ఎల్గిన్ అనే ఊరి దగ్గర, లాసీమౌత్ తీరంలో ఇసుకరాతి క్వారీలున్నాయి. అక్కడ దొరికిన పొలుసుల్ని 1844లో చేపల శిలాజాల నిపుణుడు లూయీ అగాసీ చేప పొలుసులనుకుని స్టాగనోలెపిస్ అని పేరు పెట్టాడు. చేప అనుకోవడానికి కారణం జంతువు కంటే రాయే. ఆ రాయి ఓల్డ్ రెడ్ శాండ్‌స్టోన్ అని, అంటే ట్రయాసిక్ కంటే చాలా పాతదైన డెవోనియన్ కాలపు చేపల రాయి అని, భూగర్భ శాస్త్రంలో మర్చిసన్ లాంటి పెద్దలు తేల్చేశారు కదా. తీరా 1859లో థామస్ హక్స్‌లీ అది సరీసృపం అన్నాడు. అదే క్వారీల ఎముకల్లో ఇంకో జంతువుకి హైపెరోడాపెడాన్ గోర్డోనీ అని పేరు పెట్టాడు, ఎల్గిన్ పక్కనే ఉండే పాస్టర్ జార్జ్ గోర్డన్ పేరు మీద. చిలక ముక్కు లాంటి మూతి, నోట్లో వరసలు వరసలుగా పళ్ల పలకలు, మొక్కలు నమిలే జంతువు. డెవోనియన్ కాలంలో ఇలాంటి సరీసృపం ఉండటమంటే జీవ పరిణామ కాలక్రమం మొత్తం తలకిందులైనట్టే, అప్పట్లో అందరికీ పెద్ద టెన్షన్ అది. 1869లో హక్స్‌లీ మళ్లీ రాశాడు, ఈసారి ఇదే రకం జంతువు ఇంగ్లండ్‌లో వార్విక్‌షర్, డెవన్‌లలోని ట్రయాసిక్ రాళ్లలోనూ, ఇండియాలో మాలేడిలోనూ ఉందని చూపించాడు. ఎల్గిన్ రాయి ట్రయాసిక్ అనే పక్షం బలపడింది.

అంటే ఒక దవడ ముక్క ఎక్కడిదో తెలియడం వల్ల ఇంకో ఖండంలో రాతి వయసు తేలింది. చిరునామా విలువ ఏంటని అడిగే వాళ్లకి ఇంతకు మించిన జవాబు నా దగ్గర లేదు. ఎల్గిన్‌లోనే ఇంకో మెలిక కూడా ఉంది. అక్కడి ఇసుకరాళ్లు చూపుకి దగ్గర దగ్గరగా ఉంటాయి, కానీ కట్టీస్ హిల్లక్ అనే గుట్ట మీది రాయి ట్రయాసిక్‌కి ముందటి పెర్మియన్ కాలానిది, లాసీమౌత్ రాయి ట్రయాసిక్‌ది. "ఎల్గిన్" అని మాత్రమే రాసిన చీటీ ఉన్న ఎముకని ఏ కాలంలో వేస్తారు?

మాలేరికి వద్దాం. 1863 సెప్టెంబరులో హిస్లాప్ తాకల్‌ఘాట్ దగ్గరి రాతి వలయాలు చూసి తిరిగొస్తూ పొంగిన వాగులో కొట్టుకుపోయి చనిపోయాడు. అప్పటికి ఆయనకి 45 ఏళ్లు. ఎవరు ఏ ముక్క ఎక్కడ ఏరారో ఆయన తలలో ఎంతుందో అదంతా ఆ వాగుతోపాటే పోయింది. పాత సేకరణల్లో ఇది మామూలే, సేకరించిన మనిషే నడిచే రిజిస్టరు, మనిషి పోతే రిజిస్టరు పోయినట్టే.

ఆయన పోయిన 22 ఏళ్లకి, 1885లో, రిచర్డ్ లైడెక్కర్ మాలేరి ఎముకల్ని వరసపెట్టి వర్ణించాడు. మాలేరివీ, మధ్యప్రదేశ్ సాత్పురా వైపు డెన్వా పొరలవీ ఒకే పుస్తకంలో. మన చిలకమూతి జంతువుకి హైపెరోడాపెడాన్ హక్స్‌లీయై అని పేరు పెట్టిందీ ఈయనే, మొసలి లాంటి మరో దానికి పారాసూకస్ హిస్లోపై అని పెట్టాడు. పారాసూకస్ అనే మాట 1870లో హక్స్‌లీయే వాడాడు గానీ వర్ణన ఇవ్వలేదు, పేరుకి ప్రాణం పోసింది లైడెక్కర్. చూడ్డానికి ఘరియాల్ అనే సన్న మూతి మొసలి లాగే ఉంటుంది, ముక్కు రంధ్రాలు మాత్రం మూతి చివర కాకుండా కళ్లకి దగ్గరగా ఉంటాయి. ఫైటోసార్లు అంటారు ఈ కుటుంబాన్ని.

లైడెక్కర్ పారాసూకస్ హిస్లోపై పేరు కింద పెట్టిన ముక్కలన్నీ ఒక జంతువువి కావు! మూతి ముక్క, పొలుసులు, దంతాలు ఫైటోసార్‌వి, కపాలం అడుగుభాగం మాత్రం చిలకమూతి హైపెరోడాపెడాన్‌ది. ఒకే చీటీ కింద వచ్చాయి కాబట్టి ఒకే జంతువు అయ్యుంటాయనుకున్నాడు. ఆయన్ని తిట్టడం నాకిష్టం లేదు, చేతిలో ఉన్నది "మాలేరి" అనే చీటీ, ఏ ముక్క ఏ ముక్క పక్కన పడి ఉందో చెప్పేవాళ్లు లేరు. పొలం చూడని వాడికి చీటీయే పొలం. ఈ కలగలుపు సంగతి బయటపెట్టింది శిలాజ శాస్త్రవేత్త శంకర్ చటర్జీ, 1970ల్లో. ఆయన 1978లో ఆ మూతి ముక్కని పేరుకి ప్రామాణిక నమూనాగా ఎంచాడు. తర్వాత అది కూడా సరిపోలేదు, ఎందుకంటే ఆ మూతి ముక్క ఏ ఫైటోసార్‌దైనా కావచ్చు, ప్రత్యేక లక్షణాలేవీ లేవు. అప్పుడు చటర్జీ జంతువుల శాస్త్రీయ నామాల మీద తీర్పు చెప్పే అంతర్జాతీయ కమిషన్‌కి అర్జీ పెట్టాడు, 2003లో తీర్పు వచ్చింది: పాత మూతి ముక్కని పక్కన పెట్టండి, ఇక నుంచి ఈ పేరుకి ఆధారం కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఐఎస్‌ఐ ఆర్ 42 నంబరు అస్థిపంజరం.

ఈ తీర్పు సరైనదే. ఆర్ 42 అద్భుతమైన అస్థిపంజరం, రెండు ఫైటోసార్లు పక్కపక్కనే దొరికాయి, వాటి కడుపుల దగ్గర ఇంకో చిన్న జంతువు ఎముకలున్నాయి, వాటికి చటర్జీ 1980లో మాలేరిసారస్ అని పేరు పెట్టాడు. తిన్నవాడూ తినబడ్డవాడూ ఒకేచోట, ఎక్కడ తవ్వారో రాసిపెట్టిన చోట. దాని ముందు హిస్లాప్ నాటి మూతి ముక్క ఏం నిలుస్తుంది? అయినా ఆ తీర్పులో నన్ను కలుక్కుమనిపించే సంగతి ఒకటుంది. పేరుకి కొత్త ఇల్లు దొరికింది గానీ పాత ముక్కలకి మాత్రం ఇల్లు దొరకలేదు. అవి ఇప్పటికీ "మాలేరి" అనే మాటని పట్టుకుని అల్మారాలో ఉన్నవే. కమిషన్ పని పేర్లకి పరిమితం, చిరునామా వెతకడం వాళ్ల పని కాదు. ఆ పని ఎవరిదో ఎవరూ తీర్చి చెప్పలేదు, చిక్కంతా అక్కడే.

అమెరికాలో కూడా దాదాపు ఇదే నడిచింది. న్యూ మెక్సికోలో 1881లో డేవిడ్ బాల్డ్‌విన్ అనే ఆయన ఏరి పంపిన ముక్కల్ని ఎడ్వర్డ్ కోప్ తూర్పు తీరంలో కూర్చుని వర్ణించాడు, 1889లో ఆ డైనోసార్‌కి సీలోఫిసిస్ అనే పేరు పెట్టాడు. 1947లో అదే రాష్ట్రంలోని ఘోస్ట్ ర్యాంచ్‌లో గుట్టలు గుట్టలుగా అస్థిపంజరాలు దొరికాయి, అందరూ వాటినే సీలోఫిసిస్ అనేశారు. తర్వాత కొందరు, బాల్డ్‌విన్ ముక్కలు ఘోస్ట్ ర్యాంచ్ పొరలోవి కాకపోవచ్చు, ఇది వేరే జంతువు అంటూ 1991లో కొత్త పేరు తెచ్చారు. గొడవ మళ్లీ అదే కమిషన్ దగ్గరికి, 1996లో మళ్లీ అదే రకం తీర్పు, పేరుకి ఆధారం ఘోస్ట్ ర్యాంచ్ అస్థిపంజరం అని. చీటీ సరిగ్గా లేని ప్రతిచోటా ఇదే దారి పడుతున్నారంటే, చీటీ మీద పెట్టని శ్రద్ధకి వందేళ్ల తర్వాత కోర్టు ఖర్చులు కడుతున్నట్టు లేదూ?

"మాలేరి అని రాసుంది కదా, ఆ ఊరు ఇప్పటికీ ఉంది కదా, ఇంకేం కావాలి" అని బావ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

ఏం కావాలంటే, మాలేరి అనేది ఇప్పుడు ఒక ఊరి పేరు మాత్రమే కాదు. 1881లో విలియం కింగ్ ఈ లోయ మొత్తాన్ని పటం వేసి పెద్ద గ్రంథం రాశాడు. ఎర్రమట్టి కనపడిన చోటల్లా మాలేరి అనే పిలిచే అలవాటు అప్పటిదే. 1957లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన మహలనోబిస్ పిలుపు మీద, లండన్ యూనివర్సిటీ కాలేజీ నుంచి శిలాజ శాస్త్రవేత్త పమేలా రాబిన్సన్ ఆ సంస్థకి వచ్చింది. లెక్కల సంస్థకి శిలాజాలతో పనేంటని అప్పుడూ అడిగే ఉంటారు, ఇప్పుడూ అడుగుతారు. కానీ ఆ సంస్థ జట్టే, సోహన్ లాల్ జైన్, తపన్ రాయ్‌చౌధురి, టి. ఎస్. కుట్టి, తర్వాత చటర్జీ, ఈ ఎర్రమట్టిని ఊరు ఊరూ తిరిగి విడదీసింది. 1964లో జైన్, రాబిన్సన్, రాయ్‌చౌధురి మాలేరి కంటే పాతదైన ఒక కొత్త జీవజాలాన్ని ప్రకటించారు, అది దొరికిన పొరలనే ఎర్రపల్లి ఫార్మేషన్ అంటున్నారు. 1969లో కుట్టి పై పొరల్ని ఇంకా విడగొట్టాడు. ఇప్పుడు కింది నుంచి పైకి లెక్కపెడితే ఎర్రపల్లి, భీమారం, మాలేరి, ధర్మారం, ఆ పైన జురాసిక్ కాలపు కోటా. అన్నీ మన ఊళ్లే, కోటా ఒక్కటి ప్రాణహిత అవతల సిరొంచ వైపు.

అక్కడితో కూడా అయిపోలేదు. 1989లో కుట్టి, ధూర్జటి సేన్‌గుప్తా కలిసి మాలేరి లోపలే రెండు వేర్వేరు జీవజాలాలున్నాయని చూపించారు. కింది మాలేరిలో హైపెరోడాపెడాన్, పారాసూకస్ ఉంటాయి. పై మాలేరికి వచ్చేసరికి అవి ఉండవు, వేరే ఫైటోసార్లు, మొక్కలు తినే తొలి డైనోసార్లు వస్తాయి. అంటే ఒక చిలకమూతి జంతువు కుటుంబం మొత్తం కనుమరుగై డైనోసార్లు పెరగడం మొదలైన మార్పు ఈ రెండు పొరల మధ్యే ఎక్కడో జరిగింది. ప్రపంచమంతా వెతికే మార్పు అది. 1850ల చీటీ మీద "మాలేడి" అని ఉంటే అది కిందిదా, పైదా? కొన్ని ఎముకలకి జంతువుని బట్టి చెప్పొచ్చు, చిలకమూతి దవడైతే కిందిదే. కానీ అలా చెబితే వాదన తిరిగి తిరిగి మొదటికే వస్తుంది, జంతువుని బట్టి పొర, పొరని బట్టి జంతువు వయసు. ఒంటరి వెన్నుపూస దగ్గర, చేప దంతం దగ్గర ఆ దారీ లేదు.

నెన్నెల దగ్గర దొరికిన చిన్న డైనోసార్ కథ కూడా ఇలాంటిదే. చటర్జీ 1987లో వాకేరియా అన్నాడు, ఆ పేరు అప్పటికే వేరే ప్రాణికి ఉందని 1994లో ఆల్వాకేరియా అయింది. ఆలిక్ వాకర్ అనే ఆయన గౌరవార్థం, ఎల్గిన్ స్టాగనోలెపిస్ మీద జీవితం పెట్టిన మనిషి ఆయన, లాసీమౌత్‌కీ నెన్నెలకీ ఇలా కూడా ఒక ముడి పడింది. తర్వాత ఆ ముక్కల్ని చూసిన కొందరు, పుర్రె భాగమూ ఒంటి ఎముకలూ ఒకే జంతువువి కావేమో అన్నారు. ఏ ఎముక ఏ ఎముకకి ఎంత దూరంలో పడి ఉందన్న రెండు లైన్ల పొలం నోట్సు విలువ ఇలాంటప్పుడు తెలుస్తుంది. పుర్రె ఎంత శుభ్రం చేసినా ఆ సంగతి పుర్రె మీద రాసి ఉండదు.

మరి పోయిన చిరునామా మళ్లీ దొరుకుతుందా? కొంతవరకు దొరుకుతుంది, దానికి కొంచెం డిటెక్టివ్ బుద్ధి, బోలెడు ఓపిక కావాలి. మొదట ఎముకని వదిలేసి కాగితాలు పట్టుకోవాలి: చీటీ మీది చేతిరాత ఎవరిది, రిజిస్టరులో ముందూ వెనకా నంబర్లు ఏ ఊరివి, ఎవరు ఎవరికి ఏ నెలలో ఉత్తరం రాశారు, ఆ నెలలో ఆ వాగు దాటగలరా. తర్వాత ఎముకకి అంటుకున్న మట్టి. మ్యూజియంలో కుర్రాడు ఎవడో అందంగా ఉండాలని అదంతా గీకి పారేస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే సాక్ష్యం ఆ మట్టే. దాని రంగు, అందులోని సున్నపు గుళికలు, ఇసుక రేణువుల పరిమాణం, అదృష్టముంటే పుప్పొడి రేణువులు, ఇవన్నీ పొరని పట్టిస్తాయి. ఎముక లోపల కూడా గుర్తులుంటాయి. ఎముక మట్టిలో పూడుకున్న తొలి రోజుల్లో చుట్టూ ఉన్న నీటి నుంచి అరుదైన మూలకాల్ని, అంటే సీరియం, నియోడిమియం లాంటి వాటిని పీల్చుకుంటుంది. ఆ పాళ్లు చోటుని బట్టి మారతాయి. బ్రిస్టల్ దగ్గర ఆస్ట్ అనే చోట ట్రయాసిక్ చివరి ఎముకల పొరలో, ఒకసారి పూడి మళ్లీ కొట్టుకొచ్చిన ఎముకల్ని ఈ పద్ధతితో విడదీయొచ్చని క్లైవ్ ట్రూమన్, మైకేల్ బెంటన్ 1997లో చూపించారు. బెంటనే 1983లో ఎల్గిన్ హైపెరోడాపెడాన్‌ని కూడా తిరిగి వర్ణించాడు.

ఈ పద్ధతికి ఒక షరతుంది. పోల్చడానికి చిరునామా ఖాయంగా తెలిసిన ఎముకలు, మట్టి నమూనాలు కావాలి. అంటే ఇవాళ ఎర్రపల్లిలో, రేచినిలో, నంబాలలో, ధర్మారంలో బయటపడి ఉన్న ప్రతి గట్టు నుంచీ జీపీఎస్ నంబరుతో సహా పిడికెడు మట్టి దాచిపెట్టుకోవాలి. ఆ గట్లు ఎన్నాళ్లుంటాయి? ట్రాక్టరుతో చదును చేసి పత్తి వేస్తున్నారు, రోడ్లకి మొరం తవ్వుతున్నారు. రైతుని నేనేమీ అనను, ఎకరం చెలక విలువ వాడికి తెలుసు. ఆ పని చెయ్యాల్సిన సంస్థలు చెయ్యకపోతే మాత్రం అంటాను. బ్రిస్టల్‌లో ఏమైందో చూడండి: డర్డమ్ డౌన్ క్వారీలో 1834లో దొరికిన థెకొడాంటోసారస్ ప్రపంచంలో మొట్టమొదట పేరు పెట్టిన డైనోసార్లలో ఒకటి, 1836లో పేరు పెట్టారు. ఆ తర్వాత ఆ చోటు ఊళ్లో కలిసిపోయింది, 1940 నవంబరులో బాంబులు పడి మ్యూజియంలోని ఎముకల్లో చాలా భాగం, అసలు దవడతో సహా, పోయింది. ఇటు పొలమూ లేదు, అటు ఎముకా లేదు. మిగిలింది పాత బొమ్మలు, కాగితాలు. వాటితోనే అక్కడి వాళ్లు ఆ క్వారీ ఏ వీధిలో ఉండేదో పాత పటాలు ముందేసుకుని వాదించుకున్నారు.

మంచి ఉదాహరణ కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే అంతా ఏడుపే అనుకుంటారు. 1933లో ఫ్రాన్సిస్ పారింగ్టన్ టాంజానియాలో ఏరిన కొన్ని ఎముకల్ని కేంబ్రిడ్జ్‌లో ఆలన్ చారిగ్ 1950ల్లో తన పీహెచ్‌డీలో టెలియోక్రేటర్ అన్నాడు, అచ్చు మాత్రం వేయలేదు. ముక్కలు తక్కువ, జంతువు ఏ జాతిదో తేలక దశాబ్దాలు పడి ఉన్నాయి. 2015లో ఒక జట్టు రుహుహు లోయలో ఆ పాత చోటుకి దగ్గర్లోనే తవ్వితే అదే జంతువు ఎముకలు మరిన్ని దొరికాయి, 2017లో పేరు అధికారికమైంది, డైనోసార్లూ పక్షుల వైపు కొమ్మ మొదట్లో జంతువులు ఎలా ఉండేవో మన ఊహే మారిపోయింది. మొసళ్లలా నాలుగు కాళ్ల మీద నడిచేదట అది. పారింగ్టన్ రాసిపెట్టిన చోటు పనికొచ్చింది కాబట్టే ఇదంతా.

మాలేరికి ఇలా జరగదా? జరుగుతోంది, కాస్త నెమ్మదిగా. ఎర్రపల్లి పొరల్లో గత శతాబ్దంలో తవ్విన ఎముకలకి ఈ మధ్యే భారీతలసూకస్ అని పేరు పెట్టారు, మన "భారీ తల" నుంచే. తపన్ రాయ్‌చౌధురి గుర్తుగా రెండో పేరు తపని. 2011లో నంబాలియా, జక్లపల్లిసారస్ అనే డైనోసార్లు వచ్చాయి, రెండూ ఊళ్ల పేర్లే. 2025లో మాలేరిరాప్టర్ కుట్టియై. 2007లో వచ్చిన ప్రధానియా పేరు, స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ కోసం శిలాజాలు సేకరించిన ధుయియా ప్రధాన్ అనే మనిషిది. దీన్ని నేను మామూలు విషయంగా చూడను. హిస్లాప్ కాలంలో పేర్లు దొరలవి, పాస్టర్లవి. ఇప్పుడు ఎండలో తిరిగి ముక్క కనిపెట్టిన మనిషి పేరూ ఊరి పేరూ ఎక్కుతున్నాయి. పేరులో ఊరుంటే చిరునామా కొంచెమైనా బతుకుతుంది.

అతి జాగ్రత్తపరులు ఒక మాట అంటారు: ఊరూ గట్టూ బయటపెడితే దొంగలు పడతారు, శిలాజాలు అమ్మేసుకుంటారు. నిజమే, ప్రపంచంలో చాలా చోట్ల జరిగింది. కానీ దాచిపెట్టిన చిరునామా దాచిన వాడితోనే పోతుందని హిస్లాప్ కథ చెబుతోంది. మధ్యే మార్గం కష్టమేం కాదు: ఖచ్చితమైన జీపీఎస్ సంస్థ రిజిస్టరులో, ఊరి పేరూ పొర పేరూ అందరికీ. ఆ ఊరి పంచాయతీకి, బడికి మాత్రం గట్టు కూడా తెలియాలి, ఎందుకంటే కాపలా కాసేది వాళ్లే.

ఇంకో రకం అనుమానం కూడా ఉంది, ఇది శాస్త్రవేత్తల లోపలిది. చిరునామా ఉన్నా అది నిజంగా ఆ పొరదేనా? మధ్యప్రదేశ్‌లోని టికీ పొరల నుంచి 2006లో టికిగ్వానియా అనే చిన్న తొండ దవడని వర్ణించారు, ట్రయాసిక్ తొండ అంటే తొండల చరిత్ర మొత్తం వెనక్కి జరగాలి. 2012లో ఇంకో బృందం ఇది ఈ కాలపు తొండ లాంటిదే, ఎప్పుడో ఆలస్యంగా పాత మట్టిలో కలిసి ఉంటుందని వాదించింది. నాకైతే ఈ రెండో వాదనే గట్టిగా అనిపిస్తుంది. ఒక చిన్న దవడ మీద ఇంత పెద్ద గొడవ నడిచిందంటే, ఊరి పేరు సరిపోదు, అంగుళాల్లో పొర కావాలని అర్థమవుతుంది కదా.

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్‌ని మీలో చాలామంది చిన్నప్పుడు చూసే ఉంటారు. అది యామన్‌పల్లిది, పూర్తి పేరే కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్, 1988లో పి. యాదగిరి వర్ణించారు. జురాసిక్‌ది, మాలేరి కంటే చిన్నది వయసులో, కాబట్టి ఈ వ్యాసంలో దానికి చోటు లేదు. అయినా దాన్ని తలుచుకోవడానికి కారణం, మన దగ్గర ఒక్క జంతువైనా ఊరి పేరుతో సహా నిలబడి ఉందని చెప్పడానికే. బావ అడిగేది ఇదే, ఇలాంటివి ఇంకో నాలుగు. దానికి నేను వ్యతిరేకిని కాదు. సిరొంచ దగ్గర వడధాంలో మహారాష్ట్ర వాళ్లు శిలాజాల పార్కు పెట్టుకున్నారు, నది ఇవతల మనకి మాత్రం ఎందుకుండకూడదు?

కానీ వరస మార్చకూడదు. ముందు కలకత్తాలోని రెండు సంస్థల్లో, స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ జియలాజికల్ సర్వేలోనూ, ఈ లోయకి సంబంధించిన రిజిస్టర్లు, చీటీలు, పొలం నోట్‌బుక్కులు పేజీ పేజీ స్కాన్ చేయించాలి, ఊళ్ల పేర్లు తెలుగులో సరిచూసి ఒక జాబితా చెయ్యాలి. ఆ పనికి శాస్త్రవేత్త అక్కర్లేదు, రేచినీ నంబాలా జక్లపల్లీ ఎక్కడున్నాయో తెలిసిన ఇద్దరు డిగ్రీ పిల్లలు, ఒక మంచి స్కానర్ చాలు. తర్వాత ఆ పిల్లలే పాత కాగితాలు పట్టుకుని ఆ గట్ల మీదికి వెళ్లాలి. ఇక్కడ ఎముకలు తవ్వినప్పుడు గంప మోసిన పెద్దమనుషులు కొన్ని ఊళ్లలో ఇంకా ఉండే ఉంటారు, 1960లు మరీ దూరమేం కాదు. వాళ్లకి డెబ్భై ఎనభై ఏళ్లు ఉంటాయి కాబట్టి, లారీ సంగతి వచ్చే ఏడు చూసుకోవచ్చు గానీ ఈ పని మాత్రం ఈ ఎండాకాలమే మొదలెట్టాలి.